‘మత్స్యవిశేషము’ అను నర్థమును గూర్చి

మన నిఘంటువులను దెఱచి జలచరముల పేళ్లను వెదకువారికిఁ దఱచుగాఁ గానవచ్చు నర్థ మొక్కటియే. శఫరి యననేమి? మత్స్యవిశేషము. పాఠీన మననేమి? మత్స్యవిశేషము. వాలుగ యననేమి? అదియు మత్స్యవిశేషమే. పాఠశాలలో బాలుఁ డడిగినప్పుడు పండితుఁడు నీ మాటనే యప్పగించుచున్నాఁడు. ఇది యర్థము చెప్పుటయా, చెప్పక తప్పించుకొనుటయా యని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము. విచారమున కాధారములు రెండు: మన శాస్త్రము మొదటిది, కోనసీమలో వేసవిదినములందు ఏటియొడ్డునఁ జేఁపలు పట్టువారి వ్యవహారము రెండవది.

లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని దోషములు మూఁడు. శఫరికిఁ జెప్పిన ‘మత్స్యవిశేషము’ రోహితమునకును జెల్లును, పాఠీనమునకును జెల్లును. కాఁబట్టి యది యతివ్యాప్తిదుష్టము. విశేష మున్నదని సూచించి, యా విశేష మేదియో చెప్పకపోవుట, వైద్యుఁడు నాడి చూచి ‘నీకున్నది వ్యాధివిశేషము’ అని లేచిపోవుట వంటిది. ఈ విషయమున నమరసింహుని నిందింపరాదు. వారివర్గమునఁ బర్యాయముల నిచ్చుట యాతని ప్రతిజ్ఞ, దానిని నెఱవేర్చినాఁడు. చేఁపల పేళ్లతోఁగూడ వలకును, గాలమునకును, చేఁపల నుంచు బుట్టకును పేళ్లు చెప్పి, చేఁపపిల్లల గుంపునకు ‘పోతాధాన’ మని వేఱుగ నొక మాట నిచ్చినాఁడు. లోపము తరువాతివారిది.

వైయాకరణు లిట్లు చేయలేదు. పక్షులను, మత్స్యములను, మృగములను జంపువాఁ డను నర్థమునఁ బాణిని చతుర్థాధ్యాయమున ఠక్ప్రత్యయమును విధించినాఁడు. శబ్దశాస్త్రమున శబ్దమునకు స్వరూపమే గ్రాహ్యమన్న సామాన్యనియమము ననుసరించినచో మత్స్యశబ్దమునకు మాత్రమే ప్రత్యయము రావలసియుండును. ‘మాత్స్యికుఁడు’ సిద్ధించును గాని మఱి యే రూపమును సిద్ధింపదు. అందుచేత వార్తికకారుఁడు మత్స్యాదులకొఱకు వేఱుగ నొక సంకేతమును గల్పించి, యా శబ్దమునకును దాని విశేషములకును గూడ గ్రహణము గలుగునట్లు చేసినాఁడు. తత్ఫలముగా శఫరములఁ బట్టువాఁడు శాఫరికుఁడు, శకులములఁ బట్టువాఁడు శాకులికుఁడు నైరి. పర్యాయములలో మీనశబ్దమున కొక్కదానికే యీ ప్రత్యయ మిష్టమని చెప్పి ‘మైనికుఁడు’ అను రూపమును సాధించినారు. అనిమిషాది పర్యాయములకుఁ బనికిరాదన్నారు. దీనివలన నేమి తేలుచున్నది? ఏ చేఁపను బట్టువాఁ డను భేదము లోకవ్యవహారమున నుండెను. ఆ భేదమును గాపాడుటకై శాస్త్రము తన సామాన్యనియమమును గూడ సడలించుకొనెను. వ్యాకరణము విశేషముకొఱకు శ్రమపడఁగా, నిఘంటువు ‘విశేషము’ అను మాటతోనే తృప్తిపడినది.

శబ్దార్థసంబంధము నెఱుఁగుటకు వ్యాకరణము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము మొదలగు సాధనములను మనవారు చెప్పిరి. కోశము మూగవోయినచోట వ్యవహారమే శరణ్యము. ఈ విషయమున మహాభాష్యములోని సూతుని కథ పండితులెల్ల రెఱిఁగినదే. రథము నడపువానికి ‘ప్రవేత’ యన్న రూప మే సాధువని వైయాకరణుఁడు పట్టుపట్టెను. ‘ప్రాజిత’ యన్నది వాడుకలోని మాటయని సూతుఁడు చెప్పెను. నియమము తెలిసినవాఁడవే కాని యిష్టము తెలిసినవాఁడవు కావని యాతఁడు పండితునికి బుద్ధి గఱపెను. భాష్యకారుఁడు సూతుని పక్షముననే నిలిచెను. రథపు మాటకు సూతుఁ డాప్తుఁడైనచోఁ జేఁప మాటకు జాలరి యాప్తుఁడు కాకుండుటకుఁ గారణము లేదు.

ఇఁక కోనసీమ వ్యవహారమును జూతము. ధవళేశ్వరమునకు దిగువ గోదావరి గౌతమి, వసిష్ఠ యని చీలును. వసిష్ఠనుండి వైనతేయము వేఱుపడును. ఈ పాయల నడుమ సముద్రమువఱకు నున్న కొత్తపేట, అమలాపురము, రాజోలు ప్రాంతములే కోనసీమ. 1847లో మొదలై 1852లో ముగిసిన కాటనుదొర యానకట్టవలన నీ సీమకుఁ గాలువ లేర్పడినవి. ఏటేట వేసవిలో మరమ్మతులకై కాలువలకు నీరు కట్టివేయుదురు. అప్పుడు కాలువలందు గుంటలలోనే నీరు నిలుచును. నదిలో నిసుకతిన్నెలు బయటపడి, పాయలు సన్నగిల్లి, మడుగులు మిగులును. వరదనాఁడు బురదనీటిలోఁ గానరాని జలచరలోకము వేసవిలోఁ గంటి కగపడును. పిల్లలు బెండు కట్టిన గాలముతోఁ గట్టుపైఁ గూర్చుందురు. పెద్దలు విసురువలతో మోకాలిలోఁతు నీటిలో దిగుదురు. బెండు మునిఁగిన తీరునుబట్టియే యెర ముట్టినది పరిగయో, జెల్లయో, కొరమీనో చెప్పఁగల వృద్ధులు వారిలోఁ గలరు. చేఁపలను బేళ్లతోడను, నడవడితోడను నేర్చుకొనుటకు వేసవి పాఠశాల వంటిది.

ఈ పాఠశాలలో శఫరి నెఱుఁగుట సులభము. పరిగ లని మన మనెడు చిఱుచేఁపల జాతియే యది. లోఁతులేని నీటిలో వెండిరేకులవలె మెఱయుచు, తళుక్కున నొక వంకకు దూఁకి, యంతలో మఱియొక వంకకుఁ దిరుగును. మేఘసందేశమునఁ గాళిదాసు గంభీరానదికి శఫరముల యెగురుపాటులనే చూపులుగాఁ జెప్పెను. ఆ చూపులలోని సాధారణధర్మము చాంచల్యము. నిడివియుఁ గాదు, ఆకారమును గాదు. మడుగులోఁ బరిగలను జూచినవానికి వ్యాఖ్యాన మక్కఱలేదు. చూడనివానికి ‘మత్స్యవిశేషము’ అను వ్యాఖ్యానము వలన నేమియుఁ దెలియదు. పుడిసెఁడు నీటిలో శఫరి యెగిరిపడును గాని లోఁతునీటిలోని రోహితము గర్వింపదని చెప్పు సుభాషితమును బాలురచే వల్లింతుము. రోహితము మన శీలావతి. పెద్ద దేహము గలిగి లోఁతున మెలఁగునది. రెండును మత్స్యవిశేషములే యైనచో నా సుభాషితములోని భేదమంతయు నెగిరిపోవును; నీతి మిగిలినను దృష్టాంతము చచ్చును.

రెండవ యుదాహరణము వాలుగ. నిడుపై, చదునై, పొలుసులేని దేహము, పెద్ద నోరు, మీసములు, నోటిలో వరుసలుగాఁ జిన్నచిన్న పండ్లు. ఇతర మత్స్యములను మ్రింగి బ్రదుకును. గాలమునుండి దానిని విడిపించువాఁడు వ్రేళ్లను జాగ్రత్తగాఁ గాపాడుకొనును. అమరసింహుఁడు పాఠీనమునకు ‘సహస్రదంష్ట్ర’ మని పర్యాయము చెప్పిన కారణ మా నోరు తెఱచి చూచినవానికి వెంటనే స్ఫురించును. పాఠీనము వాలుగయే యనుట కింతకంటె గట్టి సాక్ష్యము గ్రంథములలో వెదకనక్కఱలేదు.

వాలుగంటి యను మాటను ‘వాలుగవంటి కన్నులు గలది’ యని పాఠశాలలలో వివరించుట కలదు. ఈ యర్థము నిలుచునా? వాలుగ యొక్క కన్ను దేహమునుబట్టి చూడ మిక్కిలి చిన్నది. దానితో నాయిక కన్నుఁ బోల్చుట ప్రశంస కాదు, అధిక్షేపము. చేఁప యాకారముతోఁ బోలిక యని సమర్థింతమన్నను శబ్దము సహింపదు. వాలుగ, కన్ను అను పదములు సమసించినచో గకారము లుప్తము కావలెను. అట్టి లోపమునకుఁ బ్రత్యేకవిధానము గల్పింపవలసివచ్చును. వాలు, కన్ను అను పదములకు సమాసము చెప్పినచో నుత్తరపదములోని కకారమునకు గకారము వచ్చుట ప్రసిద్ధమే, గౌరవము లేదు. వాలనఁగా ఖడ్గమనియుఁ దెలుఁగున నర్థము గలదు. అరవమున ఖడ్గమును ‘వాళ్’ అనియు, నీ చేఁపను ‘వాళై’ యనియు నందురు. కాఁబట్టి వాలువంటి దగుట వాలుగ యనియు, వాలువంటి కన్నులు గలది యగుట వాలుగంటి యనియు నూహింపఁదగును. కన్ను చేఁపను బోలియుండుట కాదు. కన్నును, చేఁపయు రెండును గత్తిని బోలియున్నవి. వాలుగను జూడక యీ నిర్ణయమునకు వచ్చుట కష్టము.

ఈ వాలుగకు మఱియొక చరిత్ర కలదు. విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుఁ డచటి చేఁపలను రెండువందలు వర్ణించి, చిత్రములతో 1803లోఁ బ్రకటించెను. వాటికి స్థానికులు చెప్పు పేళ్లనే వాడెను. ఆ గ్రంథములో వాలుగ గలదు. 1851లో బ్లీకర్ అను డచ్చి శాస్త్రజ్ఞుఁ డీ జాతికి ‘వల్లాగో’ యని శాస్త్రీయనామము పెట్టెను. నేఁ డేదేశపు శాస్త్రజ్ఞుఁడైన నీ చేఁపను మన తెలుఁగుపేరుతోనే వ్యవహరించుచున్నాఁడు. పరదేశీయుఁడు జాలరి నడిగి వ్రాసికొన్న మాట లోకశాస్త్రమున నెక్కినది. మన కోశమున నది మత్స్యవిశేషముగా మిగిలినది.

మూఁడవది శకులము. ఉత్తరదేశభాషలలో నీ మాట ‘సౌల్’, ‘శోల్’ అను రూపములతో నేఁటికిని బ్రదికియున్నది. ఆ పేళ్లు మన కొరమీనునకుఁ జెల్లును. నీటిపైకి వచ్చి గాలి పీల్చు చేఁప యగుటచే వేసవిలో నడుగంటిన గుంటలలోఁ గూడ నిది బ్రదుకును; బురదలో దానిని జేతులతోఁ దడవి పట్టుదురు. పిల్లలు గుంపుగా నీటిమీఁదఁ దిరుగుచుండఁగాఁ దల్లిదండ్రులు క్రింద కావలి యుండును. పోతాధానమునకు వేఱుగఁ బేరేల కావలసెనో యా గుంపును జూచిన నెఱుఁగవచ్చును. కాశిక యుదాహరించిన శాకులికుఁడు మన గుంటలలోఁ గొరమీలను బట్టు మనుష్యుఁడే.

ఇచట నొక యాక్షేపము రావచ్చును: ‘కావ్యమునఁ గన్నులకు మీనము లుపమానమగుట కవిసమయము, ఏ మీనమైన నేమి? పండితుఁడు జాలరి కావలెనా?’ అని. కవిసమయమైనను మొదట నెవ్వఁడో చూచి చెప్పినదే. చంద్రునిఁ జూడనివానికిఁ జంద్రముఖి యన్నది యెట్లో, శఫరమును జూడనివానికి శఫరాక్షి యన్నదియు నట్లే. మఱియు విశేషజ్ఞానము పండితోచితము గాదనుట మన పూర్వాచారమునకు విరుద్ధము. కల్యాణచాళుక్యుఁడైన మూఁడవ సోమేశ్వరుఁడు 1126 మొదలు 1138 వఱకు రాజ్య మేలిన ప్రభువు. తన మానసోల్లాసమున మత్స్యవినోదమని యొక ప్రకరణమునే వ్రాసెను. పొలుసు గలవి, లేనివి యని చేఁపలను విభజించి, వేనికి నే యాహార మీయవలెనో, గాలము, త్రాడు, కఱ్ఱ యెట్లుండవలెనో చెప్పినాఁడు. మత్స్యశాస్త్రవేత్త యగు సుందరలాల్ హోరా 1951లో నా ప్రకరణమును బరిశీలించి ప్రకటించినాఁడు. ఆంగ్లేయులలో ఐజక్ వాల్టన్ 1653లోఁ బ్రకటించిన గాలపు గ్రంథమున వారి చల్లనియేళ్లలోని ట్రౌటు మొదలగువానికి వేఱువేఱు ప్రకరణము లిచ్చి, ఋతువును, ఎరను వివరించెను. ఆ దేశమువా రా గ్రంథమును సాహిత్యముగానే చదువుచున్నారు. మనకును సోమేశ్వరుని వలన దాదాపు తొమ్మిదివందల యేండ్ల వార్ధక్యము గల తాత వరుస యున్నది. నిఘంటువులోనికి మాత్ర మది దిగలేదు.

విశేషము చెప్పకపోవుటవలన నసత్యము సైతము పుట్టును. గోదావరికి వరద తగిలినప్పుడు సముద్రమునుండి యేటిలోని కెక్కివచ్చు పులస యిందుకుఁ దార్కాణము. కడలిలో నున్నంతకాల మది విలస. ఏటినీరు త్రాగిన తరువాతఁ బులస. రెండు పేళ్లకును మత్స్యవిశేషమని వ్రాసినచో నొక్క చేఁపయే రెండు చేఁపలగును. శఫరిరోహితములయెడ రెండు వస్తువు లొకటియైనవి. ఇచట నొక్క వస్తువు రెండైనది. ఒకే దోషమునకు రెండు ముఖములు.

కాలహరణము చేయరాదనుటకుఁ గారణ మిఁకొకటి గలదు. వేసవి పాఠశాల సన్నగిల్లుచున్నది. సంతలోఁ దఱచుగాఁ గానవచ్చునవి చెఱువులఁ బెంచిన బొచ్చెలు, శీలావతులు. వానితోఁ బరదేశపు తిలాపియా, రూప్‌చందు. పులసను దాని వెలయే జ్ఞాపకముంచును. పరిగను, జెల్లను, మట్టగిడసను జ్ఞాపకముంచుట కేమి యున్నది? ఏటిలో నొక చేఁప యరుదైనప్పుడు దాని పేరు మొదట బాలుర నోటనుండి, పిదప వృద్ధుల నోటనుండి జాఱిపోవును. అటుపైని మత్స్యవిశేషమన్న యర్థమును సరిదిద్దుటకు సాక్షి యుండఁడు.

1911లో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు సూర్యరాయాంధ్రనిఘంటువును దలపెట్టినప్పుడు కోనసీమవారగు జయంతి రామయ్య పంతులుగా రందుఁ బ్రముఖులు. పిమ్మట భద్రిరాజు కృష్ణమూర్తిగారు వృత్తిపదకోశములకు మార్గము వేసి, వ్యవసాయపదములను 1962లోను, చేనేతపదములను 1971లోను బ్రకటించిరి. పని చేయువాని యొద్దకుఁ బోయి, పని జరుగుచోట నిలిచి, మాట నడిగి వ్రాసికొనుట వారి పద్ధతి. సూతుని మాట వినుమని భాష్యకారుఁడు చెప్పిన దదియే.

కోశకారులను గోరునది పెద్ద గ్రంథము గాదు. ప్రతి మత్స్యనామమునకు నైదు ప్రశ్నల కుత్తర మీయవలెను: పొలుసు కలదా? మంచినీటిదా, ఉప్పునీటిదా? దేహ మెట్టిది? ఎచట, నెప్పుడు దొరకును? సంస్కృతమున నేమందురు? వాలుగ యను శబ్దమునకు ‘పొలుసులేని మంచినీటి చేఁప, నిడుపైన చదును దేహము, పెద్దనోరు, పెక్కు పండ్లు, చిన్నకన్ను గలది, పాఠీనము’ అని వ్రాయుటకు రెండుపంక్తులకంటె నెక్కువ పట్టదు. కోనసీమలోని యుపాధ్యాయులు వేసవిసెలవులలోఁ దమ తమ గ్రామములందు వలపట్టు వృద్ధులను బది పేళ్లకీ ప్రశ్న లడిగి వ్రాసి పంపినచో, కోశమునకుఁ గావలసిన సామగ్రి కొంతకాలములోనే సమకూరును.

మాంసము కోరువాఁడు పొలుసులతోను, ముండ్లతోను చేఁపలను దెచ్చుకొని, గ్రాహ్యమును గ్రహించి తక్కినదానిని విడుచునని పతంజలి దృష్టాంతము చెప్పెను. మన కోశకారులు దానికి విపరీతముగా నడచిరి. చేఁపను విడిచి, దాని పేరను పొలుసును మాత్రము దాఁచిపెట్టిరి. చేఁపను మరలఁ దెచ్చుట యిప్పటి పండితుల పని.