తాడు ఎవరి చేతిలో ఉంది?

భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పోస్తారు. హైదరాబాద్ పాతబస్తీ నగల దుకాణాల్లో బస్రా ముత్యం అన్న మాటకు ఇప్పటికీ గౌరవం తగ్గలేదు. పెంపకపు ముత్యాలు రాకముందు, పెళ్లిపీటల మీద జారిపడే ఆ తెల్లని గింజ ఒక్కొక్కదాని వెనుకా ఎవరో బిగబట్టిన ఊపిరి ఉండేది. పర్షియన్ గల్ఫ్‌లో ముత్యాలకు మునిగేవాణ్ని గైస్ అనేవారు. కాలికి రాయి, ముక్కుకు కొమ్ముతో చేసిన బిగింపు, మెడలో బుట్ట, అంతే అతని సామగ్రి. పడవ మీద నిలబడి తాడుతో అతన్ని పైకి లాగేవాడు సైబ్. కింద నుంచి తాడు కదిలిన మరుక్షణం లాగకపోతే ప్రాణం దక్కదు. మనకు దగ్గర్లో ఉన్న మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి వైపు, ఆ తాడును బావమరిది చేతికే ఇచ్చేవారని తరతరాలుగా చెప్పుకుంటారు. బావ బతుకు కోరేవాడు బావమరిది అని మనం సామెతగా అనుకునే మాట అక్కడ వృత్తి నియమమైంది. తోబుట్టువు పసుపు కుంకుమలు ఆ తాడు కొసన ఉన్నాయి కనుక అతని చెయ్యి ఏమరదు. నీళ్లలోకి దిగే ముందు మునిగేవాడు తేల్చుకోవలసిన మొదటి సంగతి, తాడు ఎవరి చేతిలో ఉందన్నదే.

ఇవాళ పుదుచ్చేరి తీరంలో స్కూబా డైవింగ్ నేర్చుకునే జంటలను, ముఖ్యంగా నడివయసు దాటాక ఊరూ దేశమూ మార్చి, కలిసి సముద్రాలు చూస్తూ తిరగాలనుకునే భార్యాభర్తలను ఈ పాత ప్రశ్నే అడగాలి. స్కూబా అనగానే మనవాళ్లకు కుర్రకారు సాహసం, డబ్బున్నవాళ్ల సరదా గుర్తొస్తాయి. నేను చెప్పదలచింది వేరు. ముత్యాల వేటగాళ్ల తాడుకు స్కూబా అసలైన వారసత్వం. నెమ్మదిగా ఊపిరి తీయడం, తొందరపడకపోవడం, పక్కమనిషిని కనిపెట్టి ఉండటం అనే మూడు పనులే అందులోని విద్య. ఆ మూడూ మలివయసుకు నప్పేవే. వేళ్లు పెకిలించుకుని కొత్తచోట నాటుకుంటున్న జంటకైతే అవి మరీ అవసరం. ఈ విద్య నేర్చుకోవడానికి అద్దంలాంటి నీళ్లున్న దీవులకన్నా, ఒక్కోసారి మసకబారే పుదుచ్చేరి సముద్రమే మంచి బడి అని కూడా అంటాను.

తాడు తెగి స్కూబా పుట్టిన కథలో ఫ్రెంచివాళ్ల పాత్ర పెద్దది. 1860లలో గని ఇంజనీరు బెన్వా రుకేరోల్, నౌకాదళ అధికారి ఒగూస్త్ దెనేరూజ్ కలిసి, ఊపిరి పీల్చినప్పుడే గాలిని వదిలే పరికరం చేశారు. జూల్ వెర్న్ తన సముద్ర నవలలో కెప్టెన్ నీమో మనుషులకు తగిలించింది దాన్నే. ఆ నవలలో నీమో ఒక ముత్యాల వేటగాణ్ని సొరచేప నుంచి కాపాడేది కూడా మన మన్నారు జలాల్లోనే. 1943లో, యుద్ధకాలపు పెట్రోలు కరువులో గ్యాస్‌తో కార్లు నడపడానికి వాడిన రెగ్యులేటర్‌ను ఇంజనీరు ఎమిల్ గన్యాన్ సవరించి ఇవ్వగా, జాక్ కూస్తో దానితో నీటిలోకి దిగాడు. అదే ఆక్వాలంగ్. 1954 నవంబరు 1న పుదుచ్చేరి భారతదేశం చేతికి వచ్చేనాటికి ఆ యంత్రం వయసు పదకొండేళ్లు. రెగ్యులేటర్ చేసే పని వినడానికి చిన్నది: చుట్టూ నీళ్లు ఎంత గట్టిగా ఒత్తుతున్నాయో అంతే ఒత్తిడితో గాలిని నోటికి అందిస్తుంది. దాంతో మనిషి పడవ నుంచి విడివడ్డాడు. తాడు పోయింది, దాంతోపాటు తాడు పట్టుకున్న చెయ్యి కూడా పోయింది. ఆ చేతి స్థానంలో ఏం పెట్టాలన్నదే ఆ తరువాత ఈ విద్య ఎదిగిన తీరంతా.

మొదట ఊపిరి లెక్క చూద్దాం. నీటిలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. కొత్తవాళ్లకు అనుమతించే 18 మీటర్ల లోతులో అది ఉపరితలానికి 2.8 రెట్లు. 11 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల దాకా నింపితే దాదాపు 2,200 లీటర్ల గాలి పడుతుంది. 50 బార్లు అత్యవసరానికి వదిలేస్తే వాడుకోవడానికి మిగిలేది 1,650 లీటర్లు. గట్టు మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు ఖర్చు చేస్తాడు, అంటే 29 నిమిషాలు. అదే మనిషి కుదురుగా, పొడుగ్గా ఊపిరి తీస్తూ గట్టు లెక్కను 15 లీటర్లకు దించుకుంటే 39 నిమిషాలు. కండబలం కొనలేని పది నిమిషాలను నిదానం సంపాదించి పెడుతుంది. మిగతా నియమాలూ నిదానాన్నే కోరతాయి. దిగేటప్పుడు ప్రతి మీటరుకూ ముక్కు మూసి మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి, నొప్పి పుడితే ఆగి కాస్త పైకి రావాలి. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు, ఎందుకంటే 10 మీటర్ల నుంచి పైకొచ్చేసరికి ఊపిరితిత్తుల్లో చిక్కిన గాలి రెండింతలవుతుంది. పైకి వచ్చే వేగం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒత్తిడికి రక్తంలో, కండరాల్లో కరిగిన నత్రజని బుడగలు కట్టకుండా మెల్లగా బయటికి పోవాలి కదా. ఆ లెక్కను శాస్త్రంగా నిలబెట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్, 1908లో. ముత్యాల వేటగాడికి ఊపిరి బిగబట్టడమే విద్య, స్కూబాలో ఊపిరి ఆడుతూ ఉండటమే విద్య. నూరు మెట్లు ఎక్కలేని మోకాళ్లకు నీరు బరువు తీసేస్తుంది. తొందరపడే మనసుకు మాత్రం చోటివ్వదు.

ఇక రెండో భాగం, తాడు తెగిన చోట పెట్టుకున్న మనిషి. స్కూబాలో అతన్ని, ఆమెను బడ్డీ అంటారు. పడవ అంచున ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేసుకునే తనిఖీని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ఆమె అతన్ని నీటిలో తేల్చే జాకెట్టులోకి గాలి ఎక్కించి, వదిలి చూస్తుంది. సీసం దిమ్మల బెల్టు కుడిచేతితో ఒక్క లాగుతో ఊడుతుందో లేదో తడుముతుంది. భుజాల పట్టీలు, నడుము పట్టీ వరుసగా లాగి చూస్తుంది. సిలిండర్ మీట పూర్తిగా తెరిచి ఉందా అని వెనక్కి చెయ్యిపెట్టి తిప్పి, అతని రెగ్యులేటర్‌తో రెండు మూడు ఊపిర్లు తీస్తూ గాలి ఎంత ఉందో చూపే గేజ్ ముల్లు కదలకుండా ఉందా అని చూస్తుంది. తరువాత అతను ఆమెకు అన్నీ అలాగే చేస్తాడు. ప్రతి ఒక్కరి దగ్గరా రెండో రెగ్యులేటర్ ఉంటుంది, అది తన కోసం కాదు, పక్కవాళ్ల గాలి అయిపోతే ఇవ్వడానికి. నీటిలోకి వెళ్లాక మాట పనిచేయదు. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపితే బాగున్నానని అర్థం. బొటనవేలు పైకెత్తితే భేష్ అని కాదు, పైకి పోదాం అని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. వీటిలో ఏ ఒక్కదానికీ మారుప్రశ్న లేదు. ఒకరు పైకి పోదామంటే రెండోవాళ్లు కారణం అడగకుండా బయల్దేరాలి. నలభై ఏళ్ల కాపురంలో ఎన్ని ఇళ్లలో ఈ మర్యాద ఉంటుంది?

మలివయసు వలసకు ఇది ఎందుకు సరిపోతుందో ఇక్కడ తెలుస్తుంది. పుదుచ్చేరి ఇలాంటి వలసలకు అలవాటుపడిన ఊరు. ఫ్రెంచి సైన్యంలో కొలువు చేసి పింఛనుతో తిరిగొచ్చినవాళ్లు, అరవిందాశ్రమం కోసం ఉద్యోగాలు వదిలి వచ్చినవాళ్లు, 1968లో ఆరోవిల్ మొదలయ్యాక దేశదేశాల నుంచి చేరినవాళ్లు ఈ వీధుల్లో కలిసిపోయారు. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం పాలన కూడా ఈ పట్టణం నుంచే. ఇక తెలుగు ఇళ్లలో రిటైరయ్యాక పిల్లల దగ్గరికని డాలస్‌కో, మెల్‌బోర్న్‌కో వెళ్లే దంపతుల సంగతి అందరికీ తెలుసు. అక్కడ కారు నడపడం రాదు, పక్కింటివాళ్ల యాస అర్థం కాదు, ప్రతి చిన్న పనికీ పిల్లలే దిక్కు. ఇల్లు దాటితే ఇంగ్లిషు వచ్చిన ఆయన ముందు, ఆవిడ వెనుక. నీటి అడుగున ఆ అమరిక చెదిరిపోతుంది. ఆయన ఇంగ్లిషు అక్కడ పనికిరాదు, ఆవిడ మౌనం లోపం కాదు. ఇద్దరికీ ఒకేనాడు నేర్చుకున్న అవే పది సైగలు. ఎవరి దగ్గర గాలి ముందు తగ్గితే వాళ్ల గేజే ఇద్దరికీ గడియారం. పరాయిదేశంలో జంటకు కావలసింది ఒకరి మీద ఒకరు ఆధారపడటం ఒక్కటే కాదు, సమానంగా ఆధారపడటం. దానికి ఇంతకన్నా సూటి అభ్యాసం నాకు కనిపించదు.

అలాంటప్పుడు పుదుచ్చేరి ఎందుకు, అండమాన్‌కో మాల్దీవులకో పోవచ్చు కదా అనవచ్చు. తూర్పు తీరంలో సముద్రపు ప్రవాహం ఏడాదిలో రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు నదీముఖాల నుంచి ఒండ్రు వచ్చి కలుస్తుంది. తేటగా ఉన్న రోజున దూరాన చేపల గుంపు మలుపు తిరగడం కనిపిస్తుంది, మసకబారిన రోజున చెయ్యి చాస్తే అందేంత దూరమే లోకం. వాడేసిన వస్తువులతో కట్టిన టెంపుల్ రీఫ్ అనే కృత్రిమ దిబ్బ ఇక్కడ సుమారు 18 మీటర్ల లోతున ఉంది. అంత లోతుకు దిగేసరికి ఎరుపు రంగు కరిగిపోతుంది. ఆమె చేతి ఎర్రగాజులు బూడిద రంగుకు తిరుగుతాయి. అతను టార్చి వేస్తే మళ్లీ ఎర్రబడతాయి. శబ్దం నీటిలో గాలిలోకన్నా నాలుగు రెట్లు వేగంగా పోతుంది కనుక ఎటు నుంచి వచ్చిందో చెవి పోల్చుకోలేదు. చూపు, వినికిడి రెండూ ఇలా కుదించుకుపోయిన చోట మిగిలేది దగ్గరగా ఉండటమే. అద్దంలాంటి నీటిలో ముప్పై మీటర్ల దూరాన ఉన్నా కనిపిస్తున్నారులే అన్న ధీమా వస్తుంది. ఆ దూరం ఈది వచ్చేలోపు గాలి అయిపోయిన మనిషి ఆగలేడు. మసక నీరు ఆ ధీమాను మొగ్గలోనే తుంచి, చేతి దూరం అలవాటు చేస్తుంది. అయితే తొలి పాఠం మసక నీటిలో చెప్పమని నేననడం లేదు. ముందు ఈతకొలను, తరువాత తేట రోజు, ఆ తరువాతే ఇది. సముద్రం బాగాలేని రోజున ఇన్‌స్ట్రక్టర్ వద్దంటే మానుకోవడం కూడా పాఠంలో భాగమే.

అరవై దాటినవాళ్లను నీళ్లలో దింపడం ప్రమాదం కాదా? ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయకూడదు. నీటిలో దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది, గుండెకు పని పెరుగుతుంది. పెద్ద వయసువాళ్ల డైవింగ్ మరణాల్లో గుండెజబ్బు ముఖ్య కారణం. అందుకే కోర్సుకు ముందు నింపే వైద్య పత్రం 45 ఏళ్లు దాటినవాళ్లను పొగతాగే అలవాటు, రక్తపోటు, కొలెస్ట్రాల్ గురించి విడిగా అడుగుతుంది. ఔనన్న జవాబు ఉంటే డాక్టరు సంతకం తప్పదు. ఆ పత్రంలో అబద్ధం రాసేవాళ్లు తమనే కాదు, తాడు పట్టుకున్నవాళ్లనూ మోసం చేస్తున్నారు. వద్దని డాక్టరు చెప్పినవాళ్లు దిగకూడదు, అంతే. కానీ ఆ జల్లెడ దాటినవాళ్లకు పైవయసు హద్దు లేదు. సైప్రస్‌లో స్థిరపడిన బ్రిటిష్ వృద్ధుడు రే వూలీ 2019లో, 96వ ఏట, మునిగిపోయిన జెనోబియా ఓడ దగ్గర 42 మీటర్ల లోతుకు దిగొచ్చాడు. అది అందరూ అనుసరించవలసిన లోతు కాదు, వయసు ఒక్కటే అడ్డు కాదనడానికి సాక్ష్యం. కొరియాలోని జేజు దీవిలో, 2016లో యునెస్కో గుర్తింపు పొందిన హేన్యో స్త్రీలలో డెబ్బై దాటినవాళ్లు చాలామంది. వాళ్లు సిలిండర్ లేకుండానే మునుగుతారు, ఎప్పుడూ గుంపుగానే.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఈ విద్య తెలిసినవాళ్లది. భార్యాభర్తలు మంచి బడ్డీలు కాలేరని వాళ్ల మాట. ఒకరు అన్నీ చూసుకుంటే రెండోవాళ్లు సామానులా వెంట వస్తారు, భయపడ్డా పైకి చెప్పరు, లేదా అతి జాగ్రత్తతో ఊపిరి సలపనివ్వరు. ఇది నిజం. కాపురంలో చెల్లిపోయే అలవాట్లు నీటిలో చెల్లవు. కానీ ఇందులో తేలేది జంటలు దిగకూడదని కాదు, ఎవరి విద్య వాళ్లు విడిగా గట్టిపరచుకున్నాకే జతకట్టాలని. ఆస్ట్రియా జంట హాన్స్, లోటె హాస్‌లను చూడండి. హాన్స్ యాత్రలో ఆడవాళ్లకు చోటు లేదనుకున్న రోజుల్లో లోటె డాన్యూబ్ నీళ్లలో సొంతంగా సాధన చేసింది. 1950లో ఎర్రసముద్రంలో అతని కెమెరా ముందు, వెనుక కూడా పనిచేసింది. జపాన్‌లో అమా స్త్రీల పద్ధతుల్లో ఒకటి ఫునాదో: భార్య మునుగుతుంది, భర్త పడవలో ఉండి తాడు లాగుతాడు. తాడు కుదుపు అర్థమయ్యేంతగా ఆమె పని అతనికి తెలిసి ఉండాలి, అతను లాగుతాడని నమ్మేంతగా ఆమెకు అతని చెయ్యి తెలియాలి. ప్రేమ ఒక్కటే చాలదు, పనితనం కావాలి. 200 మీటర్ల ఈత, పది నిమిషాలు తేలడం, మాస్కులో నీళ్లు నిండితే ముక్కుతో ఊది తోడేయడం ఇద్దరికీ విడివిడిగా రావాలి.

సముద్రాన్ని పాడుచేసే ఖరీదైన సరదా కాదా అన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. కాలికి తొడిగిన ఫిన్ తగిలి విరిగిన పగడం మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఖర్చు అందరికీ అందేది కాదు. కానీ అడుగున ఏముందో చూడని ఊరు సముద్రాన్ని పోగొట్టుకోవడం పుదుచ్చేరి అనుభవంలోనే ఉంది. రేవు కోసం కట్టిన అడ్డుగోడలు ఇసుక ప్రయాణాన్ని ఆపేస్తే, గూబేర్ అవెన్యూ ముందు బీచ్ మాయమై బండరాళ్లే మిగిలాయి. చివరికి జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున దిబ్బ నిలిపాకే కొంత ఇసుక తిరిగొచ్చింది. ఊపిరితో తన ఎత్తు తానే సర్దుకుంటూ, అడుగు తాకకుండా నిలవడం నేర్చినవాళ్లు ఆ అడుగును కాపాడేవాళ్ల లెక్కలోకి వస్తారు.

డైవ్ ముగింపులో 5 మీటర్ల దగ్గర ఆ మూడు నిమిషాలు చేయడానికి ఏమీ ఉండదు. పైన పడవ అడుగు నల్లగా ఊగుతుంటుంది, పక్కనే లంగరు తాడు వేలాడుతుంటుంది. ఇద్దరూ దాన్ని ఒక్కో చేత్తో పట్టుకుని ఆగుతారు. ఆమె తన గేజ్ చూసుకుని, అతనిది తిప్పి చూస్తుంది. అతను వేళ్లు సున్నాలా కలిపి అడుగుతాడు, ఆమె అలాగే కలిపి బదులిస్తుంది. మన్నారులో బావమరిది తాడు కదలిక కోసం కాచుకున్నట్టే, ఒకరి నోటి నుంచి లేచే బుడగలను మరొకరు చూస్తూ ఉంటారు. ఆ బుడగలు ఆగకుండా లేస్తున్నంతసేపూ తాడు ఇద్దరి చేతుల్లోనూ ఉన్నట్టే.