సర్కారు సొమ్ముతో సినిమా

ఆసిఫాబాద్‌లో సర్కారు కార్యక్రమాలకు వీడియో తీసేవాళ్లకు ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. చెక్కు అందుకునే మనిషి ఫ్రేములో లేకున్నా నడుస్తుంది, అందించే నాయకుడు ఉండి తీరాలి. నేనూ కొన్నాళ్లు ఆ పని చేసినవాణ్నే. అందుకేనేమో, ఇటలీ దర్శకుడు రాబర్టో రోసెల్లిని తొలి సినిమాలంటే నాకు ఆసక్తి, అనుమానం రెండూ.

ముసోలినీ ఏలుబడిలో ఆయన మూడు పూర్తి నిడివి సినిమాలు తీశాడు. 1942 నాటి ‘పైలట్ తిరిగొచ్చాడు’కి కథ ముసోలినీ కొడుకు విట్టోరియోది; సొంత పేరులోని అక్షరాలు తారుమారు చేసి వేసుకున్నాడు. అంతకు ముందు ఏడాది వచ్చిన ‘తెల్ల ఓడ’ నౌకాదళం తీయించింది. అందులో నటులు లేరు, నావికులుగా కనిపించేది అసలు నావికులే. ఆ పద్ధతిని రోసెల్లిని నౌకాదళ సినిమా విభాగంలోని ఫ్రాన్సెస్కో డి రాబర్టిస్ దగ్గర పట్టుకున్నాడు. తర్వాత లోకం నియోరియలిజం (నవ్య వాస్తవికత) అని నెత్తిన పెట్టుకున్నదాని నారు పెరిగింది యుద్ధ ప్రచారపు మడిలోనే. సినిమా పిచ్చోళ్లకు ఈ మాట రుచించదు.

మూడోది ‘సిలువ మనిషి’. హీరో రష్యా యుద్ధానికి పోయిన ఇటలీ సైన్యపు ఫాదర్. అది 1943 జూన్‌లో విడుదలైతే, జూలై 25న ముసోలినీ గద్దె దిగాడు. 1945లో, జర్మన్లు వదిలిపోయిన రోములో, ముడిఫిల్ముకు కటకటపడుతూ తీసిన ‘రోమ్, ఓపెన్ సిటీ’లోనూ ఒక ఫాదర్ ఉన్నాడు. ఈసారి నాజీల చేతిలో చస్తాడు. పనితనం అదే, చెప్పుచేతల్లో పెట్టుకునే దొర లేడు. ఆయన మారాడా, గాలి మారిందా అంటే, రెండోదే ముందు జరిగిందని నా లెక్క.

అట్లాగని ఆ మూడింటినీ అటకెక్కించలేను. నిజాం మీద తిరగబడ్డ గోండు వీరుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాక నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను మా అడవులకు పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి గోండుల ఫొటోలు తీశాడు. పంపింది నిజామని వాటిని పారేస్తామా?

1956 చివర్లో రోసెల్లిని మన దేశం వచ్చాడు. ఇక్కడ తీసిన ‘ఇండియా’లో మళ్లీ నటులు కానివాళ్లే, మళ్లీ సర్కారు సాయమే. అందులో హిరాకుడ్ డ్యాం కథ ఒకటి. కట్టడం అయిపోయి, ఇల్లు ఖాళీ చేసి పోవాల్సిన పనివాడి వెంట కెమెరా నడుస్తుంది. ఆ పనివాడు భార్యతో గొడవ కూడా పడతాడు. మా సర్కారు వీడియోలో అయితే ఎడిటింగులో ముందు ఎగిరిపోయేది అదే.