ఎర పోయింది, బఫే మిగిలింది

వేగస్‌లో తిండి చవక అనే మాట మనవాళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. తొంభైలలో అమెరికా వెళ్లిన సాఫ్ట్‌వేర్ తరం చెప్పిన మాట అది. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అప్పట్లో పది డాలర్లకు అటూ ఇటూగా కడుపు నిండా తిని బయటికొచ్చే కాసినో బఫేలు అక్కడ వీధి పొడుగునా ఉండేవి. థాంక్స్‌గివింగ్ సెలవులకో, ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో లాస్ ఏంజిలిస్ నుంచి కారులో బయల్దేరి, గ్రాండ్ కేన్యన్ చూసే దారిలో వేగస్‌లో ఒకటి రెండు రాత్రులు ఆగే కుటుంబాలు ఇవాళ్టికీ ఆ మాట పట్టుకునే వస్తాయి. వచ్చి, సీజర్స్ ప్యాలెస్‌లోని బకనాల్ బఫే ముందు నిలబడి ధర చూసి నివ్వెరపోతాయి. రాత్రి భోజనం మనిషికి 80 డాలర్ల దాకా, రోజును బట్టి అంతకంటే ఎక్కువ. పైన పన్ను, టిప్పు. నలుగురు పెద్దవాళ్లు తింటే మూడున్నర వందలు దాటిపోతాయి.

అక్కడ చవకగా తినడం ఇప్పటికీ కుదురుతుంది. కాకపోతే అది నేర్చుకోవలసిన పని అయింది. నేర్చుకోవాలంటే ఆ చవక ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి.

నెవడాలో జూదం 1931లో చట్టబద్ధమైంది. పదేళ్లకు, 1941లో, ఊరి బయట హైవే పక్కన ఎల్ రాంచో వేగస్ అనే రిసార్టు తెరిచారు. ఇవాళ స్ట్రిప్ అంటున్న దారి మీద వచ్చిన మొదటి రిసార్టు అదే. ఆ నలభైలలోనే, అర్ధరాత్రి దాటాక ఆకలేసిన ఆటగాళ్లు లేచి వెళ్లిపోకుండా, ఒక్క డాలరుకు ఎంతైనా తినేలా అక్కడ బల్లలు పరిచారు. ప్రచారం పనులు చూసే హెర్బ్ మెక్‌డొనాల్డ్ ఒక రాత్రి తన ఆకలికి వంటింట్లోంచి రొట్టె, చీజ్, మాంసం ముక్కలు తెచ్చి బార్ మీద పెట్టుకుంటే అటుగా పోయేవాళ్లంతా ఆగారని, ఆలోచన అక్కడే పుట్టిందని వేగస్‌లో చెప్పుకుంటారు. ఈ పద్ధతి చూస్తుండగానే ఊరంతా పాకింది. డౌన్‌టౌన్‌లో గోల్డెన్ గేట్ కాసినో 1959 నుంచి గ్లాసుడు రొయ్యలు 50 సెంట్లకు అమ్మింది. ఏళ్ల తరబడి అదే ధర.

వంటింటి పద్దులో నష్టం, ఆట బల్లల పద్దులో లాభం. రెండు పద్దులూ ఒకే యజమానివి. అందుకే బఫేను మామూలుగా వీధి గుమ్మం పక్కన పెట్టేవాళ్లు కాదు. లోపల, చాలా లోపల, జూదం మెషీన్లన్నీ దాటాక పెట్టేవాళ్లు. తినడానికి వెళ్లేటప్పుడూ వాటి మధ్య నుంచే, తిని వచ్చేటప్పుడూ వాటి మధ్య నుంచే. తక్కువ ధరకు అన్నం పెట్టి మనిషిని కదలకుండా కూర్చోబెట్టడం ఆ వ్యాపారానికి పునాది.

1989లో స్ట్రిప్ మీద మిరాజ్ అనే రిసార్టు వచ్చాక ఈ లెక్క మారడం మొదలైంది. గది, ప్రదర్శన, భోజనం ఒక్కొక్కటీ తన డబ్బు తాను సంపాదించాలనే పద్ధతి పట్టుకుంది. ఇప్పుడు స్ట్రిప్ మీద హోటళ్ల ఆదాయంలో జూదం వాటా సగం కూడా లేదు. 2012లో బకనాల్ తెరిచినప్పుడు చవక అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. ఎన్ని రకాలున్నాయి, ఎంత బాగున్నాయి అన్నదే ప్రచారం. 2020 మార్చిలో కాసినోలన్నీ మూతపడి జూన్‌లో తలుపులు తీశాక చాలా బఫేలు మళ్లీ వెలగలేదు. ఊళ్లో స్థానికులు వెళ్లే స్టేషన్ కాసినోస్ వాళ్లు బఫేలను పూర్తిగా వదిలేశారు. రియో హోటల్లోని పేరుమోసిన కార్నివాల్ వరల్డ్ బఫే పోయింది. 2024 జూలైలో మిరాజే మూతపడింది.

ధర ఇప్పుడు బల్ల మీదే కనిపిస్తోంది, దాని వెనక ఎర లేదు. అది నాకు నచ్చింది. కానీ పింఛను మీద బతికే ముసలివాళ్లు, రాత్రి డ్యూటీ దిగిన పనివాళ్లు ఏళ్లపాటు తిన్న చవక భోజనం ఆ ఎరతోపాటే పోయింది. దానికి మాత్రం నాకు బాధగా ఉంది.

ఇక మన సంగతి. బఫేలో మనవాళ్లు వేసే లెక్క ఒకటుంది. ఎనభై డాలర్లు కట్టాం, ఎనభై డాలర్ల సరుకు తినాలి. కాబట్టి ముందు పీత కాళ్లు, రొయ్యలు. బ్రెడ్డు, అన్నం జోలికి పోవద్దని పిల్లలకు ఆజ్ఞ. మూడో ప్లేటు దగ్గర చెమటలు పడుతున్నా ఆగరు. "డబ్బు రాబట్టుకోవాలి కదా" అంటారు.

ఈ లెక్క వింటే నాకు భయమేస్తుంది. బయట మెషీన్ ముందు కూర్చున్న మనిషిదీ ఇదే లెక్క. పోయింది ఎలాగైనా రాబట్టుకోవాలి, ఇంకొక్కసారి. కౌంటర్ దగ్గర కార్డు గీసినప్పుడే ఆ డబ్బు వెళ్లిపోయింది. ఎన్ని పీత కాళ్లు విరిచినా తిరిగి రాదు. పొదుపు చేయదలిస్తే కౌంటర్‌కు ఇవతలే చేయాలి: ఏ బఫే, ఏ రోజు, ఏ వేళ. లోపలికి వెళ్లాక డబ్బు సంగతి మరిచిపోయి ఆకలి చెప్పినట్టు వినాలి.

వేళ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బంతా అక్కడే ఉంది. శని, ఆదివారాలు, పండగ రోజుల కంటే సోమవారం నుంచి గురువారం దాకా ధర తక్కువ. రాత్రి భోజనం కంటే పగటి బ్రంచ్ బాగా చవక. హోటళ్లు కొన్ని ఇప్పుడు బ్రంచ్‌తోనే సరిపెట్టి రాత్రి తెరవడమే మానేశాయి. పొద్దున్నే గదిలో కాఫీ తాగి, పదకొండు దాటాక బ్రంచ్‌కు వెళ్తే అది టిఫినూ భోజనమూ రెండూ అవుతుంది. సాయంత్రానికి పండో, పెరుగో చాలు. మధ్యాహ్నం ధర రాత్రి ధరగా మారే చోట ఆ మార్పుకు కాస్త ముందు లోపలికి వెళ్లడం పాత కిటుకు. కూర్చుని ఉండగానే రాత్రి వంటలు బల్లల మీదికి వస్తాయి. ఇప్పుడు గంటన్నర, రెండు గంటల గడువు పెడుతున్నారు కాబట్టి గడువెంతో ముందే అడిగి తెలుసుకోండి. పిల్లల ధర ఏ వయసు దాకా వర్తిస్తుందో కూడా. ఇది చోటుకో రకం.

ఒకప్పుడు సీజర్స్ కంపెనీ వాళ్లు 24 గంటల పాసు అమ్మేవాళ్లు. ఒక్క టికెట్టుతో వాళ్ల హోటళ్లలో ఎన్ని బఫేల్లోనైనా తినొచ్చు. ఒక సాయంత్రం మొదలుపెట్టి మర్నాటి సాయంత్రం గడువు ముగిసేలోపు రెండు రాత్రి భోజనాలు లాగించేవాళ్లు జనం. ఇప్పుడది లేదు. ఆరోగ్యానికి మంచిదే అయిందని నా అభిప్రాయం.

లోపలికి వెళ్లాక ఎలా తినాలో నాకు నేర్పింది మా అత్తగారు. చేతికి ప్లేటు అందించబోతే తీసుకోలేదు. "ముందు ఏమేం ఉన్నాయో చూసొద్దాం పదమ్మా" అన్నారు. జీవితమంతా పెళ్లిళ్లలో బంతులు నడిపించిన మనిషి; వడ్డనకు ముందు వంటశాల ఒకసారి చుట్టి రావడం ఆవిడకు అలవాటు. ప్రతి బల్లా నిదానంగా చూశారు. ఏది ఇప్పుడే పొయ్యి దిగింది, ఏది గంట నుంచి దీపాల కింద ఎండుతోంది, ఎక్కడ మనిషి నిలబడి మన కళ్ల ముందు వండి పెడుతున్నాడు, అన్నీ గమనించారు. నిజంగానే బఫేలో మంచి తిండి ఆ మనిషి నిలబడిన చోటే ఉంటుంది. అడిగితే ఆమ్లెట్‌లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎక్కువ వేస్తారు. పాస్తా మాంసం లేకుండా విడిగా కలిపిస్తారు.

అంతా చూశాక ఆవిడ చైనా వంటల బల్ల దగ్గర తెల్లన్నం, పండ్ల బల్ల దగ్గర తీపి వేయని పెరుగు, ఉడికించిన కూరగాయలు కొన్ని పెట్టుకున్నారు. "ఇంత దూరం వచ్చి పెరుగన్నమా!" అని మావాళ్లు గోల పెట్టారు. ఆవిడ నెమ్మదిగా తిని, తర్వాత చిన్న చిన్న గిన్నెల్లో ఉన్న తీపి వంటకాలు ఒక్కొక్కటే రుచి చూశారు. ఆ బల్ల దగ్గర ఆవిడ అంత తృప్తిగా తిన్నవాళ్లు మాలో ఇంకెవరూ లేరని నేను గట్టిగా చెప్పగలను.

శాకాహారులకు కొన్ని సంగతులు తెలియాలి. గుర్తులు పెడతారు గానీ అన్నిటికీ పెట్టరు. మెక్సికన్ బల్ల మీద మెదిపిన చిక్కుడు గింజల్లో పంది కొవ్వు ఉండొచ్చు. ఫ్రెంచ్ ఉల్లిపాయ సూప్‌కు మామూలుగా వాడేది గొడ్డుమాంసం ఉడికించిన నీళ్లు. సీజర్ సలాడ్ మీద పోసే దానిలో చేపలుంటాయి. చైనా కూరల్లో ఆల్చిప్పల సాస్. తీపి వంటకాల్లో పన్నా కోటా, కొన్ని రకాల మూస్ గట్టిపడేది జెలటిన్‌తో. మాంసం తింటారు గానీ గొడ్డుమాంసం ముట్టనివాళ్లయితే, కత్తితో కోసి పెట్టే ప్రైమ్ రిబ్ అదేనని గుర్తుంచుకోవాలి. సందేహం వస్తే వంటవాణ్ణే అడగండి, విసుక్కోరు. చాలాచోట్ల షెఫ్ బయటికి వచ్చి మీతోపాటు బల్లల వెంట నడిచి మరీ చూపిస్తాడు. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లుంటే మాత్రం ఖరీదైన బఫే వద్దనే అంటాను. ఆ డబ్బుతో స్ట్రిప్‌కు కొంచెం పక్కనున్న భారతీయ హోటళ్లలో రెండు పూటలు తృప్తిగా తినొచ్చు.

గదిలో ఫ్రిజ్ ఉంది కదా, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అందులో పెడదామనుకునే వాళ్లకు ఒక మాట. చాలా హోటళ్లలో అది అమ్మకానికి పెట్టిన సీసాల ఫ్రిజ్. సీసా కదిపితే చాలు, బిల్లులో పడుతుంది. చిన్న ఐస్ డబ్బా కారులో వెంట ఉంచుకోవడం మేలు.

కార్డు తీసుకుంటే బఫే ఉచితం అనే మాట కూడా వింటుంటాం. 21 ఏళ్లు నిండిన ఎవరికైనా కాసినో సభ్యత్వ కార్డు డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. కొన్ని చోట్ల అది చూపిస్తేనే బఫే ధర రెండు మూడు డాలర్లు తగ్గుతుంది. అంతవరకు తీసుకోండి. కానీ ఉచిత భోజనం రావాలంటే ఆ కార్డు మెషీన్‌లో పెట్టి ఆడాలి. గంటకు అయిదొందల సార్లు, సారికి అర డాలరు చొప్పున ఆడితే పందెం మొత్తం 250 డాలర్లు. మెషీన్ పదో వంతు ఉంచుకునేదైతే సగటున 25 డాలర్లు పోయినట్టు. మీరు ఆ రోజు గెలిచారా ఓడారా అని వాళ్లు చూడరు. ఈ సగటు నష్టం చూసి అందులో కొంత భాగాన్ని భోజనంగా వెనక్కిస్తారు. ఇంత స్పష్టంగా రాసి పెట్టుకున్న లెక్క ముందు అదృష్టం గురించి మాట్లాడడం అనవసరం.

ప్లేట్లలో వదిలేసింది ఎక్కడికి పోయేదో కూడా చెప్పాలి. నార్త్ లాస్ వేగస్‌లో బాబ్ కోంబ్స్ అనే రైతు దశాబ్దాల పాటు కాసినోల నుంచి ఎంగిలి, మిగులు తిండి లారీల్లో తెప్పించి, మరగబెట్టి, తన ఆర్‌సీ ఫార్మ్స్‌లో వేలాది పందులను పెంచాడు. చెత్తకుప్పల పాలయ్యేదాన్ని మేతగా మార్చిన ఆయన మీద నాకు గౌరవం ఉంది. అయినా మనం కొరికి వదిలేసిన పీత ముక్క ఎక్కడో సముద్రంలో పట్టి, మంచులో పెట్టి ఎడారి దాకా మోసుకొచ్చింది. చెంచాడు పెట్టుకుని నచ్చితే మళ్లీ వెళ్లొచ్చు, ఎవరూ వద్దనరు.

ప్లేట్లు తీసేవాళ్లను, నీళ్లూ కాఫీ తెచ్చేవాళ్లను మనవాళ్లు తరచూ మరిచిపోతారు. మనమే వడ్డించుకున్నాం కదా, టిప్పు ఎందుకంటారు. మీరు లేచిన ప్రతిసారీ ఆ బల్ల శుభ్రం చేసేది ఒక మనిషి. 2020లో బఫేలు మూతపడినప్పుడు ముందుగా పని పోయినవాళ్లలో వాళ్లున్నారు. మనిషికి రెండు మూడు డాలర్లు బల్ల మీద పెట్టి లేవండి, ఆ ఖర్చు ముందే లెక్కలో రాసుకోండి.

చవకే ముఖ్యమైతే స్ట్రిప్ వదిలి పోవాలి. దక్షిణాన సౌత్ పాయింట్, డౌన్‌టౌన్‌లో మెయిన్ స్ట్రీట్ స్టేషన్ లాంటి చోట్ల పగటి బఫే, స్ట్రిప్ మీది పెద్ద బఫేల రాత్రి ధరలో సగానికంటే తక్కువకే వస్తుంది. సౌత్ పాయింట్‌లో పార్కింగుకు డబ్బు తీసుకోరు. స్ట్రిప్ మీద 2016 నుంచి ఆ ఖర్చు కూడా మొదలైంది. డౌన్‌టౌన్‌కు అయితే రేయింబవళ్లు తిరిగే డ్యూస్ బస్సుంది. ఇలాంటి చోట్ల రకాలు తక్కువ, హంగు తక్కువ. పక్క బల్ల మీద ఆ ఊరివాళ్లే కూర్చుని ఉంటారు. ఈ రోజు ఏది బాగా కుదిరిందని వాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు.