రన్నా? పాసా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1974 జనవరి సూపర్ బౌల్‌. అందులో మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీ బంతిని విసిరింది ఏడంటే ఏడుసార్లు. బరువంతా రన్నింగ్ బ్యాక్ లారీ జోంకా మోశాడు. బంతిని పొట్టకు అదుముకుని 33 సార్లు గుంపులోకి దూరి 145 గజాలు సంపాదించాడు. మయామీ 24-7తో గెలిచింది. ఇవాళ ఏ ఎన్ఎఫ్ఎల్ కోచ్ అయినా అలా ఆడిస్తే ప్రేక్షకులు గోల చేస్తారు. రిసీవర్‌ని అయిదు గజాలు దాటాక డిఫెండర్లు తోయకూడదని 1978లో నిబంధన మారినప్పటినుంచీ ఆట పాస్ వైపు మొగ్గింది. లెక్కలూ దానివైపే ఉన్నాయి: పరుగుకి సగటున నాలుగు గజాల పైచిలుకు వస్తే, పాస్‌కి ఆరేడు వస్తాయి.

అయినా వ్యాఖ్యాతలు ‘బ్యాలెన్స్’ జపం మానరు. సగం రన్, సగం పాస్ అంటూ కిరాణా కొట్టులో తక్కెడ పట్టుకున్నట్టు మాట్లాడతారు. గెలిచిన జట్లు ఎక్కువసార్లు పరుగెత్తాయని పట్టిక చూపిస్తారు. నిజమే, కానీ ముందంజలో ఉన్న జట్టు ఆఖర్లో టైమ్ కరిగించడానికే పరుగెత్తుతుంది. రన్నర్ మైదానం లోపలే పడితే గడియారం నడుస్తూనే ఉంటుంది. పాస్ నేలపాలైతే ఆగిపోతుంది. ఆ పరుగులు చాలావరకు గెలుపు ఖాయమయ్యాక వచ్చినవే.

నేను రీప్లేలో బంతిని వదిలేసి డిఫెన్స్‌లోని లైన్‌బ్యాకర్ పాదాలు చూస్తాను. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ పొట్ట దాకా తీసుకెళ్తాడు, ఇవ్వడు. ఈలోగా లైన్‌బ్యాకర్ రెండడుగులు ముందుకు వేసేస్తాడు. వెనక్కి తిరిగేసరికి అతను ఖాళీ చేసిన జాగాలో రిసీవర్ బంతి అందుకుంటూ ఉంటాడు. దీన్నే ప్లే-యాక్షన్ అంటారు. ముందు బాగా పరుగెత్తి భయపెడితేనే ఈ ఎత్తు పారుతుందని పాత కోచ్‌ల నమ్మకం. గణాంకాలు తవ్వినవాళ్లకి అలాంటి సంబంధమేదీ దొరకలేదు. రన్ తేలిపోయిన రోజున కూడా అది పారుతూనే ఉంది. లైన్‌మన్ ముందుకు కదిలితే తనూ ముందుకు ఉరకాలని లైన్‌బ్యాకర్‌కి కుర్రతనం నుంచీ నూరిపోశారు మరి. అందుకే బ్యాలెన్స్‌ని ఎన్ని రన్‌లు, ఎన్ని పాస్‌లు అని లెక్కపెట్టడం నాకు నచ్చదు. ఏది వస్తుందో తెలియక ఎదుటివాడు ఎంత తటపటాయించాడన్నదే నాకు ముఖ్యం.

అందుకే సియాటిల్ మీద కోపం రాదు నాకు. 2015 ఫిబ్రవరి, న్యూ ఇంగ్లండ్‌తో సూపర్ బౌల్. గెలుపుకి ఒక్క గజం దూరం, 26 సెకన్లు, మూడు ప్రయత్నాలు, ఒకే టైమౌట్. వెనక రన్నింగ్ బ్యాక్ మార్షాన్ లించ్ ఉన్నాడు, ఆపడం ఎవరి తరమూ కానివాడు. కోచ్ పీట్ కారల్ జట్టు పాస్ వేసింది, న్యూ ఇంగ్లండ్ డిఫెండర్ మాల్కమ్ బట్లర్ దూకి పట్టేశాడు, 28-24తో న్యూ ఇంగ్లండ్ గెలిచింది. లించ్‌కి ఇవ్వనందుకు లోకమంతా తిట్టిపోసింది. కానీ ఆ ఒక్క టైమౌట్‌తో మూడుసార్లూ పరుగెత్తడం కష్టం. పాస్ తప్పినా గడియారం ఆగి, ఇంకో రెండు ప్రయత్నాలు చేతిలో ఉండేవి. పైగా అవతలివాళ్లు పరుగుని ఆపడానికే బరువైన లైన్‌తో కాచుకుని ఉన్నారు. ఆలోచన సరైనదే, బట్లర్ అంతకంటే చురుగ్గా ఉన్నాడు.

నేను క్షమించలేనిది అట్లాంటాని. రెండేళ్ల తర్వాత అదే న్యూ ఇంగ్లండ్ మీద 28-3తో ముందున్న జట్టు. ఆధిక్యం 28-20కి తగ్గాక కూడా, అయిదు నిమిషాల లోపే మిగిలి ఉండగా ప్రత్యర్థి 22 గజాల గీత దాకా వచ్చింది. అక్కడ కావలసింది మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్. తేడా 11కి పెరిగితే ఒక్క టచ్‌డౌన్‌తో అందుకోవడం అసాధ్యం. మొదటి పరుగులో గజం పోయింది. పోతే పోనీ, ఇంకో రెండుసార్లు గుంపులోకి దూరి పడిపోయినా చాలు; దూరం తన్నదగ్గదే, టైమూ కరిగేది. అక్కడ ఎవర్నీ ఏమార్చాల్సిన పనే లేదు. అయినా ఎత్తుగడల బాధ్యుడు కైల్ షానహన్ పాస్‌కే మొగ్గాడు. విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ రయన్‌ని పడగొట్టారు, 12 గజాలు పోయాయి. ఆ వెంటనే హోల్డింగ్ తప్పిదంతో మరో పది. ఇక గోల్‌కి కొట్టే దూరం కాదు. బంతిని పంట్ చేసి న్యూ ఇంగ్లండ్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీకి అప్పగించారు. ఓవర్‌టైమ్‌లో 34-28తో న్యూ ఇంగ్లండ్‌దే గెలుపు.