ఒక అమ్మ పెట్టిన పేర్లు

కథలో ఒక మనిషికి పేరు పెట్టడం పెద్ద పనేమీ కాదు. అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో పెట్టాల్సి వచ్చినప్పుడే రచయిత సత్తా బయటపడుతుంది. ఒక్క పేరైతే ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చు. రెండో పేరు రాయగానే వాటి వెనకాల ఒక ఇల్లు కనిపించాలి. ఏ ఊరివాళ్లు, ఏ దేవుణ్ణి కొలుస్తారు, పేరు పెట్టింది నాయనమ్మా లేక నవలలు చదివే తల్లా, అన్నీ తెలిసిపోవాలి. దీనికోసం పేజీలకు పేజీలు వర్ణించేవాళ్లున్నారు. చెయ్యి తిరిగినవాడు రెండు పేర్లు చెప్పి ఊరుకుంటాడు.

నా మటుకు నాకు ఈ విద్యలో గురువు డి.వి. నరసరాజుగారే. రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్ తొలి సినిమా 'రాముడు భీముడు' (1964) ఆయన రాసిన కథే. ఎన్టీ రామారావుగారు ఇద్దరు కవలలూ తానే అయ్యారు. రాముడికీ భీముడికీ చివర ప్రాస కలిసింది. అంతవరకు ఎవరైనా కలుపుతారు. కానీ ఒకడు రామాయణం నుంచి, ఇంకొకడు భారతం నుంచి! వేర్వేరు ఇళ్లలో పెరిగిన కవలలకు వేర్వేరు ఇతిహాసాలు. బావ రాజనాల కొరడా దెబ్బలు ఓర్చుకునే మెతక మనిషి రాముడైతే, ఆ బావకు బుద్ధి చెప్పేవాడు భీముడు. ఇదే కథ తమిళంలో 'ఎంగ వీట్టు పిళ్లై' (1965) అయ్యేసరికి కవలలు రాము, ఇళంగో అయ్యారు. జోడీ చెదిరిపోయింది. హిందీవాళ్లు 'రామ్ ఔర్ శ్యామ్' (1967) అన్నారు. వినడానికి బాగానే ఉంది, భీముడి గద మాత్రం పోయింది. దిలీప్ కుమార్ నటనకు వంక పెట్టను గానీ, పేర్ల దగ్గర మన తెలుగుదే పైచేయి. ఎవరేమనుకున్నా సరే.

'గుండమ్మ కథ' (1962) మాటలు కూడా నరసరాజుగారివే. సవతి కూతురు లక్ష్మి, సొంత కూతురు సరోజ. లక్ష్మి పాతకాలపు పేరు, అంట్లు తోమే పిల్ల. సరోజ ఆ రోజుల్లో ఫ్యాషన్ పేరు, గారాల పట్టి. ఇద్దరు తల్లుల బిడ్డలని పేర్లే చెబుతున్నాయి. అయినా ఎక్కడో కలిశారు చూడండి, లక్ష్మి కూర్చునేది సరోజంలోనే కదా! ఇక వాళ్లను చేసుకునే అన్నదమ్ములు ఆంజనేయ ప్రసాద్, రాజా. అన్న పనివాడి వేషంలో ఆ ఇంట్లో చేరి అంజి అవుతాడు. సేవకు ఆంజనేయుడు, దర్జాకు రాజా. ఆ సినిమా నిర్మాత చక్రపాణిగారి అభిమానులు ఈ ఘనతలో వాటా అడిగితే ఇస్తాను, సగం మాత్రమే. ఆ మాటకొస్తే విజయావారి 'మిస్సమ్మ' (1955)లోనూ ఈ పనితనం ఉంది. మేరీగా పెరిగిన అమ్మాయి అసలు పేరు మహాలక్ష్మి అని తేలగానే, చెల్లెలు సీత పక్కన ఆ పేరు అతికినట్టు సరిపోతుంది.

ఇదంతా వ్యాసుడి నాటి విద్యే అంటారు పెద్దలు. అంబ, అంబిక, అంబాలిక అని కాగితం మీద రాసి చూడండి. రెండక్షరాలు, మూడు, నాలుగు. చిన్నవాళ్లకు పోయేకొద్దీ పేరు సాగుతుంది. చివరి ఇద్దరికీ 'ఇక' కలిసింది, పెద్దామెకు కలవలేదు. చెల్లెళ్లిద్దరూ విచిత్రవీర్యుణ్ణి పెళ్లాడి అంతఃపురంలో ఉండిపోతే, ఆ పెళ్లి కాదన్న అంబే మరుజన్మలో శిఖండియై భీష్ముడి చావుకు కారణమైంది. కౌరవుల సంగతీ అంతే. దుర్యోధనుడు, దుశ్శాసనుడు, దుర్ముఖుడు, చెల్లెలు దుశ్శల. నూరుగురికీ ఈ ముద్ర లేకపోవచ్చు. కానీ నిండు సభలో ద్రౌపది పక్షాన నోరు విప్పిన తమ్ముడు వికర్ణుడు. యుద్ధానికి ముందు పాండవుల వైపు నడిచి వచ్చిన ధృతరాష్ట్రుడి మరో కొడుకు యుయుత్సుడు. వరసలో ఇమడని పేరున్నవాళ్లే వరస తప్పి మాట్లాడారు. కాకతాళీయం అంటే నేను నమ్మను. లంకలోనూ తోబుట్టువుల పేర్లకు ఒక ముద్ర ఉంది: రావణుడు, కుంభకర్ణుడు, విభీషణుడు, శూర్పణఖ, నలుగురిలోనూ 'ణ' వినిపిస్తుంది.

మన నవల కూడా ఈ విద్యతోనే పుట్టింది. వీరేశలింగంగారి 'రాజశేఖర చరిత్ర'లో రాజశేఖరుడు శివుడి పేరువాడు, కొడుకు సుబ్రహ్మణ్యం. కూతుళ్లు రుక్మిణి, సీత. ఒకే లక్ష్మీదేవి, రెండు యుగాలు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'లో రామదాసు కొడుకులు వెంకటదాసు, సంగదాసు. ఆ ఇంట్లో భక్తి ఎంత గాఢమో పేర్లలోనే ఉంది.

మొన్నమొన్నటి 'బలగం' (2023) చూసి లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. తండ్రి కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. కొడుకు ఐలయ్య అంటే ఐలోని మల్లన్న. ఇంకో కొడుకు మొగిలయ్య, ఆడబిడ్డ లక్ష్మి. మనవడి దాకా వచ్చేసరికి సాయిలు. తెలంగాణ పల్లె తెలిసినవాడికి ఆ ఇంటి మొక్కులూ జాతర్లూ ఎవరూ చెప్పనక్కర్లేదు. వేణు యెల్దండి చెయ్యి పడిందంటే అదీ. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013)లో శ్రీకాంత్ అడ్డాల ఇంకా తెగించాడు. అన్నదమ్ములకు అసలు పేర్లే లేవు, పెద్దోడు, చిన్నోడు. మన ఇళ్లలో పిలిచేది అలాగే కదా! మసాలా సినిమాలను చిన్నచూపు చూసేవాళ్లు 'గ్యాంగ్ లీడర్' (1991)ని గుర్తు చేసుకోవాలి. పెద్దన్న రఘుపతి, రెండో అన్న రాఘవ, చిరంజీవి రాజారామ్. గాంధీగారికి ఇష్టమైన భజనను వయసు వరసలో పంచేశారు. 'అమర్ అక్బర్ ఆంథోనీ' తెలుగులో 'రామ్ రాబర్ట్ రహీమ్' (1980) అయినప్పుడు మూడు మతాలూ నిలిచాయి, అకారం పోయి రేఫ వచ్చింది. 'ఎఫ్2' (2019)లో అక్కచెల్లెళ్లు హారిక, హనీ. అక్కకు పెట్టిన పేరుకీ చెల్లెలి పేరుకీ మధ్య ఆ ఇల్లు ఎంత మోడరన్ అయిపోయిందో చూసి నవ్వుకున్నాను.

ఇక ఇప్పటి టీవీ సీరియళ్లు, ఫోన్లలో చదివే కథలు. ఒళ్లు మండుతుంది. కథేమో 1950ల నాటి కోనసీమ, అన్నదమ్ములేమో రిత్విక్, ఆద్విక్! చివరక్షరం కలిస్తే చాలు జోడీ కుదిరిందనుకుంటున్నారు. తల్లి కడుపున పుట్టినట్టు ఉండవు ఆ పేర్లు, జాబితాలోంచి కాపీ కొట్టినట్టుంటాయి. పుట్టగానే విడిపోయి ఇద్దరు తల్లుల దగ్గర పెరిగిన కవలలకు కూడా ఒట్టి ప్రాసే, రాముడు భీముళ్లలా పెంపకాల తేడా పేర్లలో కనిపించదు! సీమ ఫ్యాక్షన్ ఇంటికీ, అమలాపురం అగ్రహారానికీ, అమెరికాలో పుట్టిన పిల్లలకీ అవే నాలుగు పేర్లు తిప్పి తిప్పి వాడుతున్నారు. దీన్ని సోమరితనం అనక ఏమనాలి?

పాతవాళ్ల పేర్లలో ఎంత కథ ఉండేదో వీళ్లకు పట్టదు. ముందు పుట్టినవాళ్లు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంటమీద పొర్లించి పెంటయ్య అని పిలిచేవాళ్లు. అక్క కనకమహాలక్ష్మి, తమ్ముడు పెంటయ్య అని రాస్తే చాలు, ఆ ఇద్దరి మధ్య పోయిన బిడ్డలు పాఠకుడికి కనిపిస్తారు. పెద్ద సాయిలు, నడిపి సాయిలు, చిన్న సాయిలు అంటే ఒక మొక్కుకు ముగ్గురు కొడుకులని అర్థం. ఇంత సంపద చేతిలో పెట్టుకుని రిత్విక్ దగ్గర ఆగిపోతామా?

కొత్తగా రాసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఒక్కటే. పేర్ల కోసం ఫోన్ తెరవకండి. మీ కథ జరిగే ఊరి పాత ఓటర్ల జాబితా సంపాదించండి, మీ ఇంట్లో దాచిన పెళ్లి శుభలేఖలు బయటకు తీయండి, నాయనమ్మను ఆమె తోడబుట్టినవాళ్ల పేర్లు వరసగా చెప్పమనండి. పేర్లు కుదిరాయనుకున్నాక, వాళ్లమ్మ గడపలో నిలబడి అన్నానికి కేకేసినట్టు రెండు పేర్లూ కలిపి గట్టిగా పిలవండి. నోరు తడబడితే కొట్టేసి మళ్లీ రాయండి.