కూడిక గుర్తున్న తపాలా బిళ్ళ

1971 నవంబరు 15 మొదలు 1973 మార్చి 31 దాకా గూడూరులో ఎవరు కవరు పోస్టు చేసినా మామూలు స్టాంపు పక్కన ఇంకో 5 పైసల స్టాంపు అంటించి తీరాల్సిందే. దేశమంతటా అదే లెక్క. తూర్పు పాకిస్తాన్ నుంచి తరలివచ్చిన సుమారు కోటిమంది శరణార్థుల కోసం వేసిన పన్ను అది. కార్డుకీ, వార్తాపత్రికలకీ మాత్రం మినహాయింపు ఇచ్చారు.

కొత్త బిళ్ళ తయారయ్యేలోగా చేతిలో ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదే ‘రెఫ్యూజీ రిలీఫ్’ అని అచ్చు వేయించారు. ఆ సరుకు అన్ని ఊళ్ళకూ వేళకు అందే దారి లేక, పోస్టుమాస్టర్లే ముద్ర వేసుకోవచ్చని అనుమతిచ్చారు. చాలాచోట్ల రబ్బరు స్టాంపుతో కొట్టేశారు. అందుకే ఒక ఊరి అక్షరాలకూ ఇంకో ఊరి అక్షరాలకూ పోలిక ఉండదు. స్టాంపులు సేకరించేవాళ్ళు ఇప్పటికీ భూతద్దం పెట్టి చూసేది ఆ తేడాలనే. శరణార్థుల బొమ్మతో అసలు బిళ్ళ డిసెంబరు 1న వచ్చింది.

అది కట్టి తీరాల్సిన పన్ను. దానికంటే మర్యాదైన పద్ధతి ఇంకొకటుంది. బిళ్ళ మీద రెండు అంకెలు, మధ్యలో కూడిక గుర్తు వేస్తారు. మొదటి అంకె తపాలా ఖర్చు, రెండోది విరాళం. ఉత్తరం నడిచేది మొదటి అంకె మీదే. రెండోది తపాలా శాఖ లెక్కలోంచి విడిగా తీసి, ఏ పని కోసం బిళ్ళ వేశారో ఆ పనికి పంపుతారు. ఇష్టమున్నవాళ్ళు కొంటారు, లేనివాళ్ళు పక్కనున్న మామూలు బిళ్ళ అడుగుతారు. బడి పిల్లల చేత అమ్మించే టీబీ బిళ్ళలు ఈ కోవలోకి రావు. వాటిని ఎన్ని అంటించినా ఉత్తరం కదలదు.

ఎంత అదనం అడగాలన్నదే ఇందులో అసలు కిటుకు. 1897లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ క్షయరోగుల ఆశ్రమం కోసం ఒక పెన్నీ బిళ్ళను షిల్లింగుకు అమ్మింది. అంటే 12 రెట్లు! దానం పేరుతో ఇంత పిండితే ఉత్తరాలు రాసేవాడు దండం పెట్టి తప్పుకుంటాడు. జర్మనీవాళ్ళు ఈ లెక్క బాగా తెలిసినవాళ్ళు. మామూలు ఉత్తరానికి 55 సెంట్లున్న రోజుల్లో వాళ్ళ క్రీడా బిళ్ళల మీద 55+25 అని ఉండేది. అదనం సగానికి లోపే. ఆ డబ్బు 1967లో పుట్టిన జర్మన్ క్రీడా సహాయ సంస్థకు చేరి, ఆటగాళ్ళ శిక్షణకూ చదువుకూ ఆసరా అవుతుంది.

అలా వచ్చిన బిళ్ళల్లో 2007 నాటి హ్యాండ్‌బాల్ బిళ్ళ ఒకటి. ఆ ఏడు పురుషుల ప్రపంచ పోటీలు జర్మనీలోనే జరిగాయి. ఫైనల్లో ఆతిథ్య జట్టు 29–24తో పోలండ్‌ను ఓడించింది. బిళ్ళమీదికెక్కే మర్యాద ఆ ఆటకు 1936లోనే దక్కాల్సింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హ్యాండ్‌బాల్ తొలిసారి అడుగుపెట్టింది, బంగారు పతకం జర్మనీకే వచ్చింది. అయినా ఆ ఒలింపిక్స్‌కు వాళ్ళు వేసిన 8 కూడిక బిళ్ళల్లో ఫుట్‌బాల్, డైవింగ్, కత్తిసాము, గుర్రపుస్వారీ వగైరాలున్నాయి గానీ హ్యాండ్‌బాల్ లేదు.

బిళ్ళమీదికి ఎక్కడానికే పుట్టిందా అనిపించే ఆట ఇది. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు కోర్టులో జట్టుకు ఏడుగురు. బంతి చేతికొస్తే మూడడుగులకు మించి వేయకూడదు, మూడు సెకన్లకు మించి పట్టుకోకూడదు. గోలు ముందు 6 మీటర్ల గీత లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు మోపకూడదు. మరి దగ్గర్నుంచి కొట్టాలంటే? గీత ఇవతల నేలను తన్ని గాల్లోకి లేచి, కాలు లోపల ఆనకముందే బంతి వదిలేయాలి. చెయ్యి వెనక్కి వంగి, నడుము మెలితిరిగి, రెండు కాళ్ళూ గాల్లో ఉన్న ఆ క్షణం చిత్రకారుడికి దొరికితే ఇంక వేరే బొమ్మ అక్కర్లేదు. అంగుళం జాగాలో ఆటంతా ఇమిడిపోతుంది. క్రికెట్‌కు ఆ సౌకర్యం లేదు. బ్యాటూ వికెట్లూ చూపించాకే అది క్రికెట్ అని తెలుస్తుంది.

మన దేశానికి ఈ ఆట కొత్తదేమీ కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హ్యాండ్‌బాల్ చేరింది. 2023 జూన్‌లో జైపూర్‌లో జరిగిన ప్రీమియర్ లీగ్‌లో ‘తెలుగు టాలన్స్’ పేరుతో మన జట్టూ ఆడింది. అయినా గూడూరులో హ్యాండ్‌బాల్ అంటే వాలీబాలా అని ఎదురడిగేవాళ్ళే ఎక్కువ. బడి మైదానంలో రెండు గోలుపోస్టులు, నాలుగు బంతులు, గీతలకు సున్నం ఉంటే మొదలుపెట్టొచ్చు. అంత చిన్న ఖర్చుకు ముందుకొచ్చే కంపెనీ ఉండదు. పెద్ద ప్రాయోజకులు పట్టించుకోని ఇలాంటి ఆటలకే కూడిక బిళ్ళ తగిన సాధనం.

మనవాళ్ళు అదనం ఇవ్వరనే మాట నేను ఒప్పుకోను. 2011లో మన తపాలా శాఖ ‘మై స్టాంప్’ తెచ్చింది. 5 రూపాయల బిళ్ళలు 12 ఉన్న షీటు మీద మన ఫొటో వేసిచ్చి, 300 రూపాయలు తీసుకునేది. 60 రూపాయల సరుకుకు 300 ఇచ్చి, పెళ్ళి ఫొటోలు వేయించుకున్నారు జనం. సొంత మొహానికి 240 అదనంగా ఇచ్చినవాళ్ళు పిల్లల ఆటకు రెండు రూపాయలివ్వరా?

ఉత్తరాలు తగ్గాయి, నిజమే. వసూళ్ళు లక్షల్లో వస్తాయని నేను చెప్పను. కానీ బిళ్ళ కొనేవాళ్ళలో సేకరించేవాళ్ళ వాటా ఇప్పుడు పెద్దది, వాళ్ళు కొన్నది ఆల్బంలోనే ఉంటుంది, ఉత్తరం మోసే ఖర్చు కూడా శాఖకు పడదు. కొత్త బిళ్ళకు అంశం సూచిస్తూ ఎవరైనా తపాలా శాఖకు ప్రతిపాదన పంపొచ్చు. వ్యాయామ ఉపాధ్యాయులారా, హ్యాండ్‌బాల్ సంఘాల పెద్దలారా, 5+2 బిళ్ళ కావాలని ఒక అర్జీ రాసి పంపండి.