గాజు పలక కింద గోల్ఫర్

1957 మార్చిలో అమెరికన్ వారపత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఐదు భాగాల గోల్ఫ్ పాఠం మొదలుపెట్టింది. పాఠం బెన్ హోగన్‌ది, రాత హెర్బర్ట్ వారెన్ విండ్‌ది, బొమ్మలు ఆంథొనీ రావియెల్లివి. ఆ ఏడాదే అది ‘ఫైవ్ లెసన్స్’ పుస్తకమైంది. స్వింగ్ (గోల్ఫ్ కర్రను ఊపి బంతిని కొట్టే తీరు) నేర్పే పుస్తకాలు ఎన్ని వచ్చినా, ఇంత పొందికగా కుదిరిన పనితనం నాకు మరొకచోట కనిపించలేదు.

హోగన్ ఆటగాడే కాదు, పనిముట్లు చేయించినవాడు కూడా. 1953లో ఫోర్ట్ వర్త్‌లో క్లబ్బులు, అంటే గోల్ఫ్ కర్రలు, చేసే సొంత కంపెనీ పెట్టాడు. తయారైన మొదటి విడత తన ప్రమాణానికి అందలేదని అమ్మనివ్వకుండా తుక్కులో వేయించాడు. శరీరాన్నీ అదే పట్టుదలతో విడదీసి చూశాడు: ఏ భాగం, ఏ వరుసలో, ఎందుకు?

మొదటి పాఠమంతా గ్రిప్‌కే, అంటే క్లబ్‌ను పట్టుకునే తీరుకే సరిపోయింది. కుడిచేతివాటం ఆటగాడి ఎడమచేతిలో పిడి చూపుడువేలి కణుపుకు అడ్డంగా వచ్చి, అరచేతి అడుగున మణికట్టు పక్కనుండే కండ కింద ఇమడాలి. బిగువంతా చివరి మూడు వేళ్లది. కుడిచేతిలో పిడి అరచేతిలోకి జారకుండా వేళ్లలోనే నిలవాలి, అక్కడ పని నడిమి రెండు వేళ్లది. కుడి చిటికెనవేలు ఎడమ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఉన్న గాడిలో కూర్చుంటుంది. ఇక కుడి బొటనవేలు, చూపుడువేలు మనకు రోజూ పనికొచ్చే జంట. ఏ వస్తువు పట్టుకోవాలన్నా ముందుకొచ్చేవి అవే. స్వింగ్‌లో మాత్రం అవి బిగిస్తే చేతి బయటివైపు కండరాలు లేచి, భుజం దాకా పెత్తనం చేస్తాయి. అందుకే ఆ రెండు వేళ్లనూ పిడి నుంచి ఎత్తేసి సాధన చేయమంటాడు హోగన్. రెండు వేళ్లను పక్కన పెడితే స్వింగ్ బాగుపడుతుందని కనిపెట్టడానికి ఎంత శ్రద్ధగా గమనించి ఉండాలి!

రావియెల్లి గోల్ఫ్‌కు ముందే మానవ శరీరం మీద బొమ్మల పుస్తకం చేసినవాడు. ఆయన వాడింది స్క్రాచ్‌బోర్డ్. తెల్లని సుద్దమట్టి పూసిన అట్ట మీద నల్లసిరా పరిచి, పదునైన మొనతో గీకుతూ పోతే తెల్లగీత బయటపడుతుంది. గీత దట్టమయ్యేకొద్దీ వెలుగు, పలచబడేకొద్దీ నీడ. ముంజేతి కండ ఎక్కడ బిగిసిందో, చొక్కా మడత ఎటు లాగుతోందో ఆ గీతల దిశే చెబుతుంది. ఫొటోలో కండా గుడ్డా గడ్డీ ఒకే శ్రద్ధతో పడతాయి. రావియెల్లి మాత్రం పాఠానికి కావలసిందే ఉంచి మిగతాది వదిలేశాడు.

పైగా లేనిదాన్ని కూడా గీశాడు. మూడో పాఠంలోని గాజు పలక అలాంటిదే. బంతి దగ్గర మొదలై వాలుగా పైకి లేచి ఆటగాడి రెండు భుజాల మీద ఆనుతుంది. తల దూరడానికి మధ్యలో కంత. బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ను వెనక్కి ఎత్తేటప్పుడు, చేతులు ఆ వాలు వెంటే, పలక కిందే సాగాలి. చేతులు పైకి లేచాయా, గాజు పగిలినట్టే. వాలు అందరికీ ఒకటి కాదు, మనిషి పొడవును బట్టీ బంతికి ఎంత దూరంలో నిలబడ్డాడన్న దాన్ని బట్టీ మారుతుంది. పొట్టివాడికీ పొడగరికీ ఒకే నియమం, ఎవరి కొలత వారిది.

క్లబ్‌ను తిరిగి బంతి మీదికి దించే డౌన్‌స్వింగ్ నాలుగో పాఠం. అక్కడ మొదట కదలాల్సింది చేతులు కావు, తుంటి. తుంటి ఎడమకు తిరగగానే చేతులు వాటంతటవే నడుము ఎత్తుకు దిగుతాయి. బంతిని తాకేవేళ ఎడమ మణికట్టు ఎముక ఉబ్బి లక్ష్యం వైపు చూస్తుంది. బంతికీ క్లబ్‌కీ తాకిడి సుమారు అర మిల్లీసెకను. అంత లిప్తలో ఒక్క ఎముక ఎటు చూస్తోందో పట్టుకుని, దానికి విడిగా బొమ్మ వేశారు.

ఒక్క హెచ్చరిక చెప్పకపోతే ఈ మెచ్చుకోలు పూర్తి కాదు. హోగన్‌ను ఏళ్ల తరబడి వేధించింది హుక్, అంటే బంతి ఎడమకు వంపు తిరగడం. ఆయన గ్రిప్ దానికి విరుగుడుగా కుదిరింది. బంతి కుడికి వంపు తిరిగేవారు ఆ పేజీలను కోచ్‌ను పక్కన పెట్టుకుని చదవడం మేలు. గాజు పలక పేజీకి ఆ జాగ్రత్త అక్కర్లేదు.